మరల మరల వాడే మీట

అంతర్జాలంలో ఒక పుటను తెరిచినప్పుడు అది ఏకఖండంగా కనిపిస్తుంది. నిశితంగా పరిశీలిస్తే అది అనేక చిన్న భాగాల కూర్పు అని తెలుస్తుంది. విమానం టికెట్టు కొనే పుటనే తీసుకోండి. బయలుదేరే తేదీని ఎంచుకోవడానికి ఒక చిన్న క్యాలెండరు తెరుచుకుంటుంది. తిరుగు ప్రయాణపు తేదీకి అదే క్యాలెండరు మరల వస్తుంది. పేరు రాసే గడులు, హెచ్చరిక పట్టీలు, మనం బటన్లని పిలుచుకునే మీటలు కూడా అంతే. ఇలా ఒకసారి రచించి, అవసరమైన ప్రతిచోటా వాడుకునే భాగాన్ని కాంపొనెంట్ అంటారు.

వెబ్ తొలినాళ్లలో చాలామంది ఒక పుటకు రాసిన మీటను మరొక పుటలోకి నకలు చేసేవారు. నూరు పుటలుంటే నూరు నకళ్లు. మీట రంగు మార్చాలంటే నూరు చోట్ల దిద్దాలి. తొంభైతొమ్మిది దిద్ది ఒకటి మరచిపోవడం మానవ సహజం. భాగాలుగా కట్టుకోవాలన్న ఆలోచన మాత్రం వెబ్ కంటే పాతది. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సదస్సులో డగ్లస్ మెక్‌ఇల్రాయ్ ఒక పత్రం సమర్పించారు. ఇతర పరిశ్రమలలో విడిభాగాలు తయారుచేసేవారు ఉన్నట్లే సాఫ్ట్‌వేర్‌కు కూడా అటువంటి పరిశ్రమ ఏర్పడాలని ఆయన వాదించారు. టిమ్ బెర్నర్స్‌లీ వెబ్‌ను ప్రతిపాదించింది ఆ తరువాత 21 ఏళ్లకు, 1989లో.

నేడు ఈ పనికి రియాక్ట్, వ్యూ, ఆంగ్యులర్ వంటి సాధనాలు ఉన్నాయి. వీటిలో రియాక్ట్‌ను జోర్డన్ వాక్ రూపొందించగా, అప్పటి ఫేస్‌బుక్ సంస్థ 2013లో దానిని అందరికీ అందుబాటులోకి తెచ్చింది. రియాక్ట్‌లో కాంపొనెంట్ అంటే సాధారణంగా ఒక ఫంక్షన్. గణితంలో x విలువ ఇస్తే ఫలితం వచ్చినట్లు, దీనికి కొంత సమాచారం ఇస్తే తెరపై కనిపించవలసిన రూపాన్ని అది తిరిగి ఇస్తుంది. బయటి నుంచి ఇచ్చే ఆ సమాచారాన్ని ప్రాప్స్ అంటారు. మీటపై ఏ మాట ఉండాలి, నొక్కితే ఏ పని జరగాలి అన్నవి ప్రాప్స్. నొక్కిన తరువాత ‘పంపుతున్నాం, వేచి ఉండండి’ అని చూపించాలంటే, నొక్కారా లేదా అన్న సంగతి మీట తనలో గుర్తుంచుకోవాలి. ఆ జ్ఞాపకమే స్టేట్. స్టేట్ మారినప్పుడు ఫంక్షన్ మరల నడుస్తుంది. కొత్త రూపాన్ని రియాక్ట్ పాతదానితో పోల్చి, మారిన మేరకే తెరను సవరిస్తుంది.

ఇంతవరకు పెద్ద చిక్కు లేదు. ఏది బయటి నుంచి రావాలి, ఏది లోపల స్థిరంగా ఉండాలి అని నిర్ణయించడంలోనే రచయిత వివేకం బయటపడుతుంది. ఆంగ్లంలో ‘సబ్మిట్’ అనే మాటను దృష్టిలో పెట్టుకొని మీటకు పొడవు, ఎత్తు స్థిరంగా నిర్ణయించారనుకుందాం. అదే మీటలో ‘దరఖాస్తును సమర్పించండి’ అని రాస్తే మాట అంచు దాటిపోతుంది. ‘రాష్ట్రం’ అని రాస్తే మరొక చిక్కు. ‘ష’ కింద టకార, రకారాల ఒత్తులు దిగుతాయి. ఎత్తు చాలకపోతే ఆ ఒత్తులు తెగిపోయి మాట రూపమే చెడుతుంది. తెలుగు అక్షరం పక్కకే కాదు, కిందికీ విస్తరిస్తుందని ఆ మీటను కట్టినవారు ఊహించలేదు. కొలతలను బిగించక, లోపలి మాటను బట్టి మీట తానే పెరిగేటట్లు రాస్తే ఏ భాషకైనా అది సరిపోతుంది.

అయితే అందరి అవసరాలూ తీర్చాలనే ఆరాటం కూడా మంచిది కాదు. ఒకరు గుండ్రని మూలలు అడుగుతారు, మరొకరు పక్కన బొమ్మ కావాలంటారు. అడిగినదల్లా ప్రాప్స్‌గా చేర్చుకుంటూపోతే చివరకు ముప్ఫై ప్రాప్స్ ఉన్న మీట తయారవుతుంది. దానిని వాడడం నేర్చుకోవడం కంటే కొత్తది రాసుకోవడమే సులభమని అందరూ పక్కకు తప్పుకుంటారు. ఒకే అవసరం రెండు మూడు చోట్ల నిజంగా ఎదురైన తరువాతే దానిని కాంపొనెంట్‌గా మలచడం మేలు.

ఇతరులు రాసిన భాగాలను తెచ్చుకునేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. 2016 మార్చిలో ‘లెఫ్ట్‌ప్యాడ్’ అనే 11 వరుసల ప్రోగ్రామును దాని రచయిత ఎన్‌పీఎం అనే ఉమ్మడి భాండాగారం నుంచి తొలగించారు. అది తెరపై కనిపించే భాగం కాదు. ఒక మాటకు ఎడమవైపు ఖాళీలు చేర్చడమే దాని పని. అయినా ఎన్నో ప్రసిద్ధ సాధనాలు పరోక్షంగా దానిపై ఆధారపడి ఉండడంతో, ప్రపంచవ్యాప్తంగా అనేక ప్రాజెక్టుల నిర్మాణం కొన్ని గంటలపాటు నిలిచిపోయింది.

గుణం వ్యాపించినంత సులభంగా దోషమూ వ్యాపిస్తుంది. దీని వల్ల ఎక్కువగా నష్టపోయేది చూపులేనివారు. వారు తెరపై ఉన్నదానిని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ సహాయంతో, మౌస్ లేకుండా కీబోర్డుతోనే పని చేసుకుంటారు. హెచ్‌టీఎంఎల్ భాషలో మీటకు ప్రత్యేకమైన ట్యాగు ఉంది. దానిని వాడితే కీబోర్డు ట్యాబ్ మీటతో అక్కడికి చేరవచ్చు, ఎంటర్‌తో నొక్కవచ్చు, చదివే సాఫ్ట్‌వేర్ కూడా దానిని ‘బటన్’ అని చెబుతుంది. అందం కోసం కొందరు ఆ ట్యాగును వదిలి, మామూలు గడికి రంగు వేసి మీటలా చూపుతారు. చూసేవారికి తేడా తెలియదు. చూపులేని విద్యార్థి మాత్రం దరఖాస్తు అంతా పూర్తిచేసి, పంపే చోటు దొరకక ఆగిపోతాడు. రంగుల సంగతీ ఇంతే. అక్షరానికీ దాని వెనుక రంగుకూ మధ్య వెలుగు భేదం సాధారణ పాఠానికి కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలని 2008 నాటి అంతర్జాతీయ వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. లేత బూడిదరంగు మీటపై తెల్లని అక్షరాలు ఆ పరీక్షలో నిలవవు.

నకళ్ల కాలంలో ఇటువంటి లోపాన్ని సరిదిద్దడానికి నూరు పుటలు వెతకవలసి వచ్చేది. కాంపొనెంట్ ఉన్నచోట ఒకే ఫైలును తెరిచి, ట్యాగు మార్చి, రంగు సవరిస్తే చాలు. మార్పును ప్రచురించిన తరువాత పుటను తెరిచిన ఆ విద్యార్థికి, ట్యాబ్ నొక్కగానే ‘దరఖాస్తును సమర్పించండి, బటన్’ అన్న మాటలు వినిపిస్తాయి.