గడప దాటని శాసనము

వికారాబాదు పట్టణమునకు చేరువనున్న అనంతగిరి కొండలలో నైజాము కాలమున క్షయరోగుల కొరకు ఒక ఆరోగ్యశాల వెలసినది. ఆ వ్యాధికి సరియైన మందులు సామాన్యులకు దొరకని దినములవి. మంచి గాలి, బలమైన ఆహారము, వేళకు పలుకరించు మనుష్యుడు, ఈ మూడే నాటి చికిత్స. ఇంటివారు భయపడి దూరముంచిన రోగిని ఆ కొండ దరిజేర్చుకొన్నది. నేడు ఆ కొండల క్రింది గ్రామములలో గాలికి కొదవ లేదు. తిండిగింజలకును అంతగా కొదవ లేదు. కొదవయెల్ల ఆ మూడవదానికే.

తమ పనులు తాము చేసికొనలేని పెద్దలు, అనగా వృద్ధులు, వికలాంగులు, చిత్తస్థిమితము తప్పినవారు, సొంత ఇంటిలోనే పరాయివారై బ్రతుకుచుండుట అందరి యెరుకలోని విషయమే. అట్టివారిని రక్షించుటకు శాసనములు గలవా? గలవేని అవి ఫలింపకుండుటకు హేతువేమి? ఈ రెండు ప్రశ్నలను పాఠకుల యెదుట నుంచదలచితిమి.

వికారాబాదు జిల్లా 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన ఏర్పడినది. వికారాబాదు, తాండూరు పట్టణములు రెండును రెవెన్యూ డివిజనులకు కేంద్రములు. తాండూరు పేరు చెప్పగనే నాపరాయియు, కందిపప్పును జ్ఞప్తికి వచ్చును. ఆ రాతిగనులలోను, రాళ్లను నునుపుచేయు కార్ఖానాలలోను యౌవనమును ధారపోసిన కూలివానికి ముదిమి ముందుగానే వచ్చును. సేద్యము చాలక యువకులు హైదరాబాదునకు, పూనాకు, బొంబాయికి వలసపోవుచున్నారు. ఇంటికి కాపలాగా ముసలివారు మిగులుచున్నారు. మరియొక వైపున, రాజధాని పడమటి దిక్కునకు ప్రాకుచున్న కొలది వికారాబాదు చుట్టునున్న భూముల వెల పెరిగినది. భూమి విలువ పెరిగిన చోట దానిని పట్టుకొనియున్న ముసలివాని విలువ తరుగుట విచిత్రమే గాని అసత్యము కాదు.

మాకు వినవచ్చు కథలు వేరువేరు ఊళ్లవైనను వాటి నడక యొక్కటే. తండ్రి మరణించును. తల్లి పేరనున్న నాలుగెకరములను కొడుకు తన పేర వ్రాయించుకొనును. వ్రాయించుకొనునాడు కొత్తచీర, కారులో ప్రయాణము, హోటలులో భోజనము. ఏడాది తిరుగకముందే ఆమె మంచము వసారాలోనికి, వసారా నుండి పశువులకొట్టములోనికి జరుగును. నెలనెల వచ్చు వృద్ధాప్యపు పింఛను వ్రేలిముద్ర ఆమెది, రూపాయలు మరియొకరివి. ఎవరును ఆమెను కొట్టరు, పలుకరింపరు, అంతియే. ఊరివారందరు నెరుగుదురు. అడిగినచో, "అది వారి ఇంటి సంగతి" యందురు.

ఇంటి సంగతి యని శాసనము మాత్రము ఊరకుండలేదు. వృద్ధులును అశక్తులునైన తల్లిదండ్రులను పోషించుట హిందువులకు 1956వ సంవత్సరపు దత్తత, మనోవర్తి శాసనముచేత విధియైనది. 1973వ సంవత్సరపు క్రిమినలు ప్రొసీజరు కోడు మతభేదము లేక యెల్ల తల్లిదండ్రులకును మనోవర్తి కోరు హక్కు నిచ్చినది. వివాహితయైన కుమార్తెయు ఈ ఋణమునకు బద్ధురాలేయని సుప్రీముకోర్టు 1987లో తీర్పు చెప్పినది. కాని కోర్టు మెట్లెక్కుటకు వకీలు కావలెను, వాయిదాలకు తిరుగుటకు కాళ్లు కావలెను, తీర్పువరకు బ్రతికియుండుటకు ఆయువు కావలెను. ఈ మూడును లేనివారి కొరకే 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ శాసనము వచ్చినది.

ఈ శాసనము క్రింద విచారణ జరుపునది రెవెన్యూ డివిజనలు అధికారి అధ్యక్షతను నడచు ట్రైబ్యునలు. తాండూరు ప్రాంతపు వృద్ధునకు హైకోర్టు దూరమే గాని ఆర్డీవో కచేరీ దూరము కాదు. అరువదియేండ్లు నిండిన ప్రతివారును, వయస్సుతో నిమిత్తము లేక ప్రతి తల్లియు తండ్రియు తమ్ము తాము పోషించుకొనలేనప్పుడు అర్జీ పెట్టుకొనవచ్చును. సంతానము లేనివారు తమ ఆస్తి ననుభవించుచున్న, లేక తమ తదనంతరము దానిని పొందనున్న బంధువుపై పెట్టుకొనవచ్చును. కొడుకు పూనాలోనున్నను అర్జీ తాండూరులోనే చెల్లును. వకీళ్లకు ఇందు ప్రవేశము లేదు. నోటీసు అందిన నాటినుండి 90 దినములలో తీర్పు చెప్పవలెను. మిక్కిలి అవసరమైనచో మరి 30 దినములు. ఆజ్ఞ మీరినవారికి ఒక నెలవరకు కారాగారము. వృద్ధులను దిక్కులేక వదలివైచి పోయినవారికి మూడు నెలల శిక్షయో, 5,000 రూపాయల జుల్మానాయో, రెండునో.

ఇందు పాఠకులు ముఖ్యముగా గమనింపవలసినది 23వ సెక్షను. తనకు అన్నవస్త్రాది సౌకర్యములను సమకూర్చవలెనను షరతుమీద వృద్ధుడు ఆస్తిని దానమిచ్చి, పుచ్చుకొన్నవాడు ఆ షరతును తప్పినచో, ఆ దానము మోసముచేతనో, నిర్బంధముచేతనో జరిగినదిగా భావించి ట్రైబ్యునలు దానిని రద్దు చేయవచ్చును. ఆయుధము గొప్పదే, కాని దాని పిడి యంతయు "షరతుమీద" నను ఒక్క పదముననున్నది. షరతు లేనిచో ఈ సెక్షను వర్తింపదని సుప్రీముకోర్టు 2022 డిసెంబరులో తేల్చినది. 2025 జనవరి 2వ తేదీన మధ్యప్రదేశమునకు చెందిన ఒక తల్లి వ్యవహారమున అదే న్యాయస్థానము ఈ శాసనమును ఉదారముగా అన్వయింపవలెనని పలికి, కుమారునికిచ్చిన దానమును రద్దుచేసి, స్వాధీనమును ఆమెకు తిరిగి యిప్పించినది. అచ్చట ఆ తల్లిని కాపాడినది కుమారుడు ఆమెను చూచుకొందునని అదే దినమున వ్రాసియిచ్చిన కాగితము. ప్రేమను నమ్మి కాగితమును మరచిన తల్లుల గతి యేమి?

కావున భూస్వాములైన మా పాఠకులకు ఒక మనవి. తెలంగాణమున 2020 నుండి వ్యవసాయ భూముల దస్తావేజులు తాసీల్దారు కచేరీలోనే రిజిస్టరగుచున్నవి. రిజిస్టరయిన వెంటనే పట్టా పేరును మారుచున్నది. ఒక పూటలో ముగియు ఈ పనికి ముందు ఒక్క వాక్యమును చేర్చుడు: భూమిని పుచ్చుకొన్నవాడు ఇచ్చినవారి జీవితాంతము కూడు, గుడ్డ, నివాసము, వైద్యము సమకూర్చవలెననియు, తప్పినచో దానము చెల్లదనియు. లేదా జీవితకాలపు అనుభవహక్కును మీకే నిలుపుకొనుడు. లేదా దానమునకు బదులు వీలునామా వ్రాయుడు; అది మీ మరణానంతరము గాని అమలుకు రాదు, ఈలోపల మార్చుకొనుటకు మీకు స్వాతంత్ర్యము గలదు. ఇది కుమారునిపై అపనమ్మకము కాదు. పాలికాపుతోనైనను మాట వ్రాసికొను రైతు, తన శేషజీవితమును గురించి వ్రాసికొనుటకు సిగ్గుపడనేల? తాసీల్దారులును దస్తావేజును చదివి వినిపించునపుడు ఈ ప్రశ్న నొక్కటి అడుగుట విధిగా పెట్టుకొనవలెను.

వృద్ధులుగాక మరి యితర నిస్సహాయులను గురించియు శాసనము మౌనము వహింపలేదు. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల శాసనము 7వ సెక్షను ప్రకారము, వికలాంగుడొకడు హింసకో, దోపిడికో గురియగుచున్నాడని, లేక గురికానున్నాడని నమ్మిన యెవరైనను ఎగ్జిక్యూటివు మేజిస్ట్రేటునకు తెలుపవచ్చును. మేజిస్ట్రేటు వెంటనే ఆ హింసను ఆపు చర్య గైకొనవలెను. బాధితుని విడిపించుటకు పోలీసులను ఆజ్ఞాపింపవచ్చును. సురక్షిత స్థలమున నుంచవచ్చును. 2017వ సంవత్సరపు మానసికారోగ్య శాసనము ఇంకను ముందునకు పోయినది. మానసిక వ్యాధిగ్రస్తుని సంరక్షకుడు బాధించుచున్నాడనియో, అలక్ష్యము చేయుచున్నాడనియో నమ్మిన ప్రతి వ్యక్తియు ఠాణాకు తెలుపుట అందు విధిగా చెప్పబడినది. ఠాణా యధికారి మేజిస్ట్రేటునకు నివేదింపవలెను. రోగిని గొలుసులతో కట్టుటను ఆ శాసనము నిషేధించినది. సంరక్షింతునని ఒడంబడిక చేసికొని నిస్సహాయుని వదలివేసిన కూలిసేవకునికిని భారతీయ న్యాయ సంహితలో శిక్ష గలదు. కుమారుని యింట బాధపడు తల్లికి 2005వ సంవత్సరపు గృహహింసా నిరోధక శాసనమును తోడ్పడును.

ఇన్ని శాసనములలో ఒక విశేషము గలదు. వృద్ధుల ట్రైబ్యునలునకు అధ్యక్షుడు ఆర్డీవో. ఆయనయే ఎగ్జిక్యూటివు మేజిస్ట్రేటు. అనగా వికారాబాదులోను, తాండూరులోను ఒక్క కుర్చీలో కూర్చున్న యధికారి చేతిలోనే మనోవర్తి నిప్పించు అధికారమును, దానమును రద్దుచేయు అధికారమును, వికలాంగుని చెరవిడిపించు అధికారమును కూడియున్నవి. అంతేకాదు, అర్జీ లేకున్నను ట్రైబ్యునలు తనంతట తానే విచారణ చేపట్టవచ్చునని 2007వ సంవత్సరపు శాసనము స్పష్టముగా పలికినది. మంచము పట్టినవాడు కచేరీకి నడచి రాలేడని శాసనకర్తలు గ్రహించిరి. కాని అధికారి అర్జీకై యెదురుచూచును. అర్జీదారుడు మంచముపై నుండి అధికారికై యెదురుచూచును. మధ్య గడప యొకటి అడ్డు.

ఈ గడప సమస్య మనకే కాదు. మన శాసనము వచ్చిన 2007లోనే స్కాట్లండు దేశమును నిస్సహాయులైన వయోజనుల రక్షణకు ఒక శాసనము చేసికొన్నది. దాని క్రింద స్థానిక సంస్థ యధికారి అనుమానము కలిగిన యింటికి పోయి విచారింపవచ్చును. తలుపు తీయనిచో న్యాయాధికారి వారంటు తెచ్చుకొనవచ్చును. బాధితుని ఏడు దినములవరకు వేరొక చోటికి చేర్చవచ్చును. బాధించువానిని ఆరు నెలలవరకు ఆ యింటికి రాకుండ నిషేధింపవచ్చును. ఇంగ్లండున 2014వ సంవత్సరపు శాసనము విచారించు విధిని స్థానిక సంస్థపై మోపినది గాని, ఇల్లు చొచ్చు అధికారము నీయలేదు. మన 2007వ సంవత్సరపు శాసనమునను అట్టి ప్రవేశాధికారము స్పష్టముగా లేదు.

సర్కారు నౌకరులు గడప దాటుట మంచిదా యని శంకించువారు గలరు. వారి శంక త్రోసిపుచ్చదగినది కాదు. ముసలితనము నేరము కాదు. వృద్ధుడు మైనరు కాడు. కొడుకుతో కలహించుచునైనను ఆ యింటనే కన్నుమూయ గోరువానిని బలిమిని వృద్ధాశ్రమమునకు చేర్చుట రక్షణ కాదు, రెండవ చెర. స్కాట్లండు వారును బాధితుడు ఒప్పుకొననిచో ఉత్తరువు చేయరు. అతని నిరాకరణము పరుల ఒత్తిడిచేత కలిగినదని తేలినప్పుడే ఆ నియమమును సడలింతురు. మనమును ఆ యడుగుజాడనే పోవలెను. అధికారి ముందుగా అడుగవలసిన ప్రశ్న "నీకేమి కావలె"నని. అదియును కొడుకు చెంత లేనప్పుడు అడుగవలెను.

పేదకొడుకు లేమిని గూర్చియు ఒక మాట. రాతిగనిలో దినకూలితో నలుగురిని పోషించువాడు తల్లికి వైద్యము చేయింపలేకుండుట వేరు, పదియెకరములు వ్రాయించుకొని అన్నము పెట్టకుండుట వేరు. మొదటివానికి కావలసినది శిక్ష కాదు, సాయము. ప్రతి జిల్లాలో కనీసము 150 మందికి చోటుండు వృద్ధాశ్రమము నెలకొల్పవచ్చునని శాసనమున నున్నది. కాని నెలకొల్పి తీరవలెనని నిర్బంధము లేదు. మనోవర్తికి 10,000 రూపాయల పరిమితి 2007లో విధింపబడినది. నాటి రూపాయికిని నేటి రూపాయికిని గల భేదము నెరుగనిదెవరు? ఆ పరిమితిని తొలగింపదలచి 2019లో లోకసభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు శాసనము కాకయే కాలగర్భమున కలిసినది. దానిని తిరిగి తెచ్చుట పార్లమెంటు కర్తవ్యము.

కాని పార్లమెంటు కొరకు వేచియుండనక్కరలేని పనులు గలవు. రెండు డివిజనుల అధికారులును మండలమున కొక దినము నేర్పరచుకొని గ్రామములకే పోయి అర్జీలు తీసికొనవచ్చును. ఒంటరిగా నివసించు వృద్ధుల పట్టికను ప్రతి ఠాణాయందు నుంచవలెనని కేంద్రప్రభుత్వపు నమూనా నియమములలో నున్నది. ఆ పట్టికను నెలకొకసారి యింటింటికి తీసికొనిపోవచ్చును. పింఛను పంచువారు వ్రేలిముద్రతోపాటు ముఖమును చూడవచ్చును. 14567 అను టెలిఫోను సంఖ్యకు యెవరైనను వృద్ధుల పక్షమున పిలువవచ్చును. ఆ సంఖ్యను పంచాయతీ గోడపై వ్రాయించుటకు సున్నమునకైన ఖర్చే ఖర్చు.

అన్నిటికంటె పెద్దపని పొరుగువానిది. పైన చెప్పిన శాసనములు పొరుగువాని నోటికి బలము నిచ్చినవి. నోరు తెరచుట అతని వంతు. ఊరిలో పదిమందిచే గౌరవము పొందు రైతు, వర్తకుడు, ఉపాధ్యాయుడు ఆ యింటి వసారాలో ఒక్కసారి కూర్చుండి "అమ్మా, తిన్నావా?" యని అడిగినచో, కొన్ని యిండ్లలో ట్రైబ్యునలు అవసరమే కలుగదు. అవసరము కలిగిన యిండ్లలో ఆ ప్రశ్నయే మొదటి సాక్ష్యమగును. శాసనము తనంతట తాను గడప దాటలేదు. దానిని చేయిపట్టి దాటింపవలసినవారు పాఠకులే. నేడు దాటించినచో, మనము మంచము పట్టిన నాడు మన గడపను దాటి వచ్చువారును ఉందురు.