నొప్పి పోయింది, పట్టు కూడా పోయింది

ఆదివారం ఆరాధనలో చాప మీద బాసింపట్టు వేసుకుని గంటసేపు కూర్చుని, చివరి పాటకు లేవబోతే ఒక్కోసారి కాలు మనది కానట్టు ఉంటుంది. పాదం నేలకు ఆనిందో లేదో తెలియదు. పక్కవారి భుజం పట్టుకుని నిలబడితే చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు అయి, రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంటుంది. తిమ్మిరెక్కింది అనుకుని నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళిపోతాం.

ఆ కొద్దిసేపట్లో జరిగినది నెలల తరబడి జరిగితే దానినే నరం నొక్కుకుపోవడం అంటారు. మన ఓ.పి.కి చేతులు, కాళ్ళు, నడుము, మెడ అంటూ వచ్చేవారిలో ఈ బాధ ఉన్నవారు చాలామంది ఉంటారు. వారిలో కొందరు ఆలస్యంగా వస్తారు. ఎందుకు ఆలస్యమయిందని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "మధ్యలో నొప్పి తగ్గిందమ్మా, పోయిందనుకున్నాం."

ముందుగా ఒక మాట. తెలుగులో 'నరం' అంటే చాలా అర్థాలున్నాయి. చేతి మీద నీలంగా కనిపించే రక్తనాళం నరమే, పట్టేసిన కండరం నరమే, మడమ వెనుక గట్టిగా తగిలే తాడు కూడా నరమే. ఇక్కడ చెప్పుకునేది వీటి గురించి కాదు. గోడల మీద ప్రకటనల్లో రాసే 'నరాల బలహీనత' గురించి అసలే కాదు. మెదడు, వెన్నుపాముల నుండి బయలుదేరి చర్మానికి స్పర్శను, కండరానికి బలాన్ని అందించే తీగ గురించి.

ఈ తీగకు కూడా రక్తం కావాలి. కొద్దిసేపు నొక్కితే రక్తం ఆగి తిమ్మిరి వస్తుంది, వదిలితే పోతుంది. వారాల పాటు నొక్కితే తీగ మీది తొడుగు దెబ్బ తింటుంది. ఒత్తిడి తీసివేస్తే అది కొన్ని వారాల్లో మళ్ళీ ఏర్పడుతుంది. ఇంకా నొక్కితే లోపలి తీగే తెగిపోతుంది. తెగిన తీగ మళ్ళీ పెరుగుతుంది గాని రోజుకు సుమారు 1 మిల్లీమీటరు, అంటే నెలకు ఒక అంగుళం చొప్పున మాత్రమే. మోచేతి దగ్గర తెగినది వేళ్ళ దాకా చేరడానికి సంవత్సరం పైగా పడుతుంది. కండరం అంతకాలం ఆగదు. ఏడాది, ఏడాదిన్నర దాకా నరం అందకపోతే అది ఎండిపోయి, తర్వాత నరం వచ్చి చేరినా లేవదు.

బట్టలు కుట్టే ఒక అక్క సంగతి చెబుతాను. మూడేళ్ళ క్రితం ఆమెకు రాత్రిళ్ళు కుడిచేయి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మండుతూ తిమ్మిరెక్కి మెలకువ వచ్చేది. లేచి చేయి విదిలిస్తే తగ్గేది. ఊళ్ళో ఆర్.ఎం.పి. గారు నరాల ఇంజక్షన్లని ఒక కోర్సు వేశారు. కొన్నాళ్ళకు మంట తగ్గింది. ఆమె సంతోషించింది. తర్వాత సూదిలో దారం ఎక్కించలేకపోయింది, చొక్కాకు గుండీ పట్టుకోలేకపోయింది. చూపు తగ్గిందనుకుని కళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళి అద్దాలు కూడా చేయించుకుంది! మా దగ్గరకు వచ్చేసరికి బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండవలసిన కండ పల్లమయిపోయింది. "నొప్పి లేదు డాక్టరమ్మా, పట్టు ఒక్కటే లేదు" అంది.

మణికట్టు లోపల ఒక ఇరుకు సొరంగం ఉంది. కింద ఎనిమిది చిన్న ఎముకలు, పైన ఒక గట్టి పట్టీ. వాటి మధ్య నుండి వేళ్ళను ముడిచే తొమ్మిది తాళ్ళు, వాటితో పాటు ఒక నరం వెళతాయి. తాళ్ళు వాచినా, ఒంట్లో నీరు చేరినా మొదట నలిగేది నరమే. దీనికే కార్పల్ టనెల్ సిండ్రోమ్ అని పేరు. ఇది ఆడవారిలో ఎక్కువ. గర్భవతులకు, థైరాయిడ్ తక్కువగా ఉన్నవారికి, షుగరు, కీళ్ళవాతం ఉన్నవారికి వస్తుంది. చేతులతో ఒకే పని గంటల తరబడి బలంగా చేసేవారికీ వస్తుంది. చిటికెనవేలు మాత్రం మామూలుగానే ఉంటుంది, దానికి వెళ్ళే నరం వేరు. ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. రెండు అరచేతుల వెనుక భాగాలను ఒకదానికొకటి ఆనించి, వేళ్ళు నేలవైపు ఉండేలా మణికట్లు వంచి ఒక నిమిషం ఉంచండి. ఆ మూడు వేళ్ళలో తిమ్మిరి మొదలైతే డాక్టరుకు చూపించుకోండి.

మొదట్లోనే వస్తే చాలామందికి రాత్రిపూట మణికట్టు వంగకుండా ఉంచే పట్టీ, అవసరమైతే ఒక స్టెరాయిడ్ ఇంజక్షన్ సరిపోతాయి. గర్భవతులకు కాన్పు తర్వాత చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. తగ్గకపోతే, బలం పోతుంటే ఆపరేషన్ చేసి ఆ పట్టీని కోసి సొరంగాన్ని వదులు చేస్తారు. చేతికి మాత్రమే మత్తు ఇస్తారు, సాధారణంగా అదే రోజు ఇంటికి వెళ్ళవచ్చు. మా అక్కకు కూడా ఆపరేషన్ అయింది. వేళ్ళ స్పర్శ కొంతవరకు తిరిగి వచ్చింది. బొటనవేలి కండ రాలేదు. ఇప్పుడు పెద్ద కుట్లు మిషను మీద తను వేస్తుంది, గుండీలు, కాజాలు కోడలు చేస్తుంది.

చెప్పు జారిపోతోందా?

నడుములో డిస్క్ జారి నరాన్ని నొక్కితే నొప్పి పిరుదు నుండి తొడ వెనుకగా పాదం దాకా లాగుతుంది. దగ్గినా తుమ్మినా ఎక్కువవుతుంది. దీన్ని సయాటికా అంటారు. భయపడకండి, ఎక్కువమందికి ఆరు నుండి పన్నెండు వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. రోజుల తరబడి మంచం మీద ఉండనవసరం లేదు. ఓర్చుకోగలిగినంత నడుస్తుండటమే మంచిది. ఎం.ఆర్.ఐ. రిపోర్టులో 'డిస్క్ ఉబ్బింది' అని చూసి ఏడ్చేవారిని చూశాను. నడివయసు దాటినవారిలో ఏ నొప్పీ లేనివారికి స్కాన్ తీసినా సగం మందికి పైగా అలాంటి ఉబ్బు కనిపిస్తుంది. స్కాన్‌కు గాక మనిషికి వైద్యం చేయాలి.

కాని కాలు లాగడం ఆగిపోయి, హవాయి చెప్పు నడుస్తుండగా జారిపోయినా తెలియకపోవడం, మెట్లకు బొటనవేలు తట్టుకోవడం మొదలైతే అది బాగవడం కాదు. పాదం ఎత్తే నరం చచ్చుబడుతోందన్నమాట. వెంటనే రావాలి.

అంతకంటే తొందరగా రావలసినది ఒకటుంది. వెన్నుపాము చివర నరాలన్నీ గుర్రపు తోకలా గుత్తిగా ఉంటాయి. పెద్ద డిస్క్ ముక్క జారి వాటిని నొక్కితే రెండు కాళ్ళూ బలహీనమవుతాయి, సైకిలు సీటు మీద ఆనే భాగమంతా మొద్దుబారుతుంది, మూత్రం బిగుస్తుంది లేదా తెలియకుండా పోతుంది. సిగ్గుతో, ముఖ్యంగా ఆడవారు, ఈ మాట ఇంట్లో కూడా చెప్పరు. దయచేసి చెప్పండి. సాధ్యమైనంతవరకు 48 గంటల లోపల ఆపరేషన్ జరగాలి. ఆలస్యమైతే జీవితాంతం మూత్రానికి గొట్టం వాడవలసి రావచ్చు.

నల్లగొండ, ప్రకాశం జిల్లాల కుటుంబాలకు ఒక ప్రత్యేకమైన మాట. ఫ్లోరైడ్ నీరు ఏళ్ళ తరబడి తాగిన పెద్దవారిలో ఎముకలు మందమై వెన్ను గొట్టం ఇరుకైపోతుంది. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు ప్రాంతం నుండి 1937లోనే వైద్యులు ఈ వ్యాధి గురించి రాశారు. మంచినీరు వచ్చిన తర్వాత కూడా పాత నీటి ఫలితం ఎముకల్లో మిగిలి ఉంటుంది. తాతగారి కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోతుంటే వయసు మీద పడిందని వదిలేయకండి.

మోచేతి దగ్గర

మోచేతి లోపలి ఎముక వెనుక దెబ్బ తగిలితే చిటికెనవేలి దాకా కరెంటు కొట్టినట్టు జిల్లుమంటుంది. ఆ నరం అక్కడ చర్మం కిందే ఉంటుంది. మోచేయి మడిచి ఎక్కువసేపు ఆనించినా, ఫోను చెవి దగ్గర పెట్టుకుని గంటలు మాట్లాడినా నలుగుతుంది.

మిషన్ ఆసుపత్రులు ఈ నరాన్ని మరో కారణంగా బాగా ఎరుగును. కుష్ఠువ్యాధిలో వాచే నరాల్లో ఇది ముఖ్యమైనది. వాచిన నరం ఇరుకు దారిలో తనను తానే నొక్కుకుంటుంది, చివరి రెండు వేళ్ళు ముడుచుకుపోతాయి. వెల్లూరులో 1940ల చివర్లో డాక్టర్ పాల్ బ్రాండ్ గారు ఇలాంటి చేతులకు ఆపరేషన్లు మొదలుపెట్టారు. వేళ్ళు వ్యాధి వల్ల వాటంతటవే రాలిపోవని, నొప్పి తెలియక కాలిన గాయాలు, దెబ్బలు పడి పాడవుతాయని ఆయన, ఆయన తోటివారు చూపించారు. ఈ వ్యాధి పోయిందని చాలామంది అనుకుంటారు. ప్రపంచంలో కొత్తగా గుర్తించే కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ మన దేశంలోనివే. స్పర్శ లేని మచ్చ ఉండి, చేయి మొద్దుబారితే దాచుకోకండి. మందులు ఉచితం. నరం చచ్చుబడి ఆరు నెలలు దాటకముందే వస్తే స్టెరాయిడ్ మాత్రలతో చాలామందిలో స్పర్శ, బలం తిరిగి వస్తాయి.

బి కాంప్లెక్స్ ఇంజక్షన్ గురించి అడుగుతుంటారు. విటమిన్ తక్కువైనవారికి అది మంచిదే. కాని తలుపు సందులో పడిన వేలికి టానిక్ తాగిస్తే వేలు బయటకు రాదు గదా! అలాగే విరిగిన చేతికి కట్టు కట్టించుకున్న తర్వాత వేళ్ళు మొద్దుబారినా, నొప్పి భరించలేనంత ఎక్కువైనా తెల్లవారే దాకా ఆగకుండా ఆ రాత్రే కట్టు వదులు చేయించాలి. రెండు పాదాలూ ఒకేలా, మేజోళ్ళు తొడిగినట్టు మొద్దుబారితే మాత్రం నరం నొక్కుకోవడం కంటే షుగరు వల్ల కావడానికే ఎక్కువ అవకాశం. దానికి రక్తపరీక్ష ముందు.

ఓ.పి.కి వచ్చేముందు రాత్రి చిన్న పని చేయండి. కాగితం మీద చేయి పెట్టి పెన్సిలుతో గీసుకుని, ఎక్కడ తిమ్మిరో అక్కడ రంగు వేసి తీసుకురండి. ఏ వేళ్ళకు రంగు ఉందో చూస్తే ఏ నరం ఎక్కడ నొక్కుకుందో మాకు సగం తెలిసిపోతుంది. పాత రిపోర్టులు, వాడుతున్న మాత్రలు కూడా తెచ్చుకోండి. మూత్రం బిగిసినవారు, కాళ్ళు పడిపోతున్నవారు ఓ.పి. చీటీ కోసం వరుసలో నిలబడకండి. రాత్రయినా, ఆదివారమైనా నేరుగా క్యాజువాలిటీకి రండి.