మీకు తెలుసా? మన వాకిట్లోకొచ్చే గోలీ వెనక ఒక పరదేశీ

బోదకాలు గోలీలు పంచే రోజుల్లో మంథనిలో ఏ వాడకు పోయినా ఒకటే మాట. "అమ్మా, అన్నం తిన్నరా? తింటేనే ఇస్త. నా ముంగటనే ఏసుకోవాలె." పదిహేనేళ్ళు దాటినవాళ్ళయితే అరచేతిలో మూడు చిన్న తెల్ల గోలీలు, వాటితోపాటు ఆల్బెండజోల్ ఒకటి. మీరు మంచినీళ్ళ గ్లాసు దించేదాకా ఆశా కార్యకర్త గడప దగ్గర్నుంచి కదలదు. ఆ తెల్ల గోలీ పేరు డీఈసీ.

దాన్ని కనిపెట్టిన బృందాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. 1940లలో, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో. ఇది చాలామందికి తెలిసిందే. అంతగా తెలియనిది ఇంకొకటుంది. పాతికేళ్ళు ఆ దేశంలో ఉండి, అక్కడ కూడా ఎందరికో ప్రాణం పోసిన మందులకు దారి చూపిన ఆ మనిషి అమెరికా పౌరుడు కాకుండానే కన్నుమూశారు. అందులో దాదాపు ఇరవై మూడేళ్ళు, ఆయన కావాలనుకున్నా అక్కడి చట్టం ఒప్పుకునేది కాదు.

ఎందుకంత కాఠిన్యం?

1918 నవంబరులో మొదటి ప్రపంచయుద్ధం ముగిసింది. సైనికులు ఇళ్ళకొచ్చారు. పనులు దొరకలేదు, ధరలు మండిపోయాయి, సమ్మెలు మొదలయ్యాయి. రష్యాలో బోల్షివిక్కులు గెలిచారు, రేపు మన దగ్గరా ఇంతేనని అమెరికా వణికింది. 1919 జూన్‌లో అటార్నీ జనరల్ పామర్ ఇంటి ముందు బాంబు పేలింది. పెట్టింది గుప్పెడుమంది. అనుమానం పడింది మాత్రం పరాయి యాస ఉన్న ప్రతి కూలీ మీద. ఆ డిసెంబరు 21న 249 మందిని బ్యూఫోర్డ్ అనే ఓడెక్కించి దేశం దాటించారు. 1920 జనవరి 2న ఒక్క రాత్రే ముప్పైకి పైగా ఊళ్ళలో దాడులు చేసి వేలమందిని పట్టుకున్నారు. చాలామందికి వారంటు కూడా లేదు. మే ఒకటిన తిరుగుబాటు ఖాయమన్నాడు పామర్. ఆ రోజు ఏమీ జరగలేదు.

అక్కడ పడ్డ ముద్ర 'రాడికల్'. మన దిక్కు ఈ మాటకు అర్థం వేరే చెప్పక్కర్లేదు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన రోజులు చూసినవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఆ ముద్ర ఒకరి మీద పడితే ఊరంతటినీ ఎట్లా చూస్తారో వాళ్ళనడగండి.

అక్కడ యాస మీదే కాదు, రంగు మీద కూడా పగే. 1919 ఎండాకాలంలోనే షికాగోలో ఒక నల్లజాతి కుర్రాడు సరస్సులో తేలుతూ తెల్లవాళ్ళు స్నానం చేసే వైపు వచ్చాడు. ఒడ్డు నుంచి రాళ్ళు విసిరారు. మునిగి చనిపోయాడు. ఆ తర్వాత చెలరేగిన అల్లర్లలో చనిపోయినవాళ్ళు 38 మంది.

ఆ రోజుల్లో 'రాడికల్స్' చిట్టా తయారుచేసే విభాగాన్ని నడిపింది ఇరవై నాలుగేళ్ళ ఎడ్గర్ హూవర్. తర్వాత ఎఫ్‌బీఐని 1972లో చనిపోయేదాకా ఏలినవాడు ఇతనే. మీకు తెలుసా, హూవర్ పుట్టింది 1895 జనవరి 1న, సుబ్బారావు పుట్టింది అదే నెల 12న. పదకొండు రోజుల తేడా. ఒకరు మనుషుల మీద ఫైళ్ళు కట్టారు, ఒకరు రోగాలకు మందులు వెతికారు.

ఇక అసలు తలుపు మూసిన తీర్పు. భగత్ సింగ్ థిండ్ అనే సిక్కు యువకుడు అదే యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. పౌరసత్వం అడిగితే, ఇతనికి బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డ గదర్ పార్టీ వాళ్ళతో స్నేహముందని అధికారులు అడ్డుపడ్డారు. అంటే ఒక్క మనిషిలోనే వలసవాడు, రంగు తక్కువవాడు, రాడికల్, ముగ్గురూ కనబడ్డారు. 1923 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు తేల్చింది: పండితులు ఏ జాతి కింద లెక్కగట్టినా సరే, మామూలు మనిషి కంటికి భారతీయుడు తెల్లవాడు కాడు, కాబట్టి పౌరుడు కాలేడు. తీర్పు రాసిన జస్టిస్ సదర్లాండ్ ఇంగ్లండులో పుట్టి వలసొచ్చినవాడే. అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయులు పదుల సంఖ్యలో దాన్ని పోగొట్టుకున్నారు. వారిలో వైష్ణో దాస్ బగాయ్ అనే వ్యాపారి 1928లో ప్రాణం తీసుకున్నాడు.

సుబ్బారావు బోస్టన్‌లో కాలుపెట్టింది ఆ తీర్పు వచ్చిన కాలంలోనే. పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. తర్వాత హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి, కండరానికి శక్తి ఎక్కడినుంచి వస్తుందో తేల్చే పనిచేశారు. 1940లో కొత్త చట్టం వచ్చింది. పద్నాలుగేళ్ళు దాటిన ప్రతి పరదేశీ ప్రభుత్వం దగ్గర పేరు రాయించుకుని వేలిముద్రలు ఇవ్వాలి. ప్రభుత్వాన్ని కూలదోయాలని బోధించడం నేరమన్నదీ ఆ చట్టమే. పరదేశీనీ రాడికల్‌నూ ఒకే కాగితం మీద కట్టేశారు. లెడర్లీలో పరిశోధన చేస్తున్న సుబ్బారావు కూడా దాని కిందికే వచ్చారు.

1946 జులైలో తలుపు కొంచెం తెరిచారు. పౌరసత్వానికి భారతీయులు అర్హులేనన్నారు. వలసకు మాత్రం మొత్తం దేశానికి కలిపి ఏడాదికి వందమంది అని కోటా పెట్టారు. ఆ తర్వాత సుబ్బారావు బతికింది రెండేళ్ళు. 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ళకే పోయారు.

ఈసారి గోలీలు ఇంటికొస్తే పరగడుపున కాకుండా అన్నం తిని మింగండి. గర్భిణులకు, రెండేళ్ళలోపు పిల్లలకు, జబ్బుతో మంచాన పడ్డవాళ్ళకు ఇవ్వరు. మిగతావాళ్ళు "తర్వాత వేసుకుంటం" అని గూట్లో పెట్టి మరిచిపోవద్దు. పక్కన పిల్లలుంటే, ఆ గోలీ వెనకున్న మనిషి పేరు వాళ్ళకు చెప్పండి.