పాత ఇంటికి కొత్త గది: మెత్తని నేలపై పునాది ఎలా ఉండాలి?

కుటుంబం పెరిగినప్పుడు ముందుగా వచ్చే ఆలోచన ఇంటి పక్కనే ఇంకో గది వేసుకోవడం. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్లి అండమాన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఇందుకు మినహాయింపు కాదు. అయితే మెత్తని నేలపై అలా కట్టిన గదుల్లో కొన్ని వానాకాలాలు గడిచేసరికి పాత గోడ, కొత్త గోడ కలిసేచోట నిలువు పగులు కనిపిస్తుంది. సిమెంటు పూసినా మళ్లీ తెరుచుకుంటుంది. ఎందుకంటే అసలు కారణం గోడలో లేదు, నేలలో ఉంది.

పాత నేల, కొత్త నేల

తడి బంకమన్నులో రేణువుల మధ్య నీరు నిండి ఉంటుంది. పైన బరువు పడితే ఆ నీరు నెమ్మదిగా బయటికి పోతుంది, మన్ను దగ్గరపడుతుంది, ఇల్లు కుంగుతుంది. దీనికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. పాత ఇంటి కింద ఈ పని చాలావరకు పూర్తయి ఉంటుంది. కొత్త గది కింద అప్పుడే మొదలవుతుంది. ఇల్లంతా సమానంగా కుంగితే పెద్ద నష్టం లేదు. ఒక భాగం నిలిచి, మరో భాగం దిగితేనే గోడ పగులుతుంది.

తెలుగు రాష్ట్రాల నల్లరేగడి తీరు వేరు. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు కుదించుకుపోతుంది. అందువల్ల అక్కడ పనికొచ్చిన పద్ధతిని ఇక్కడ యథాతథంగా వాడలేం.

అండమాన్ నేల ప్రత్యేకత

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. ఆ పరిసరాల్లో కొండలపై ఇసుకరాయి, షేల్ పొరలు ఉంటాయి. కొండల మధ్య పల్లాల్లో మెత్తని బంకమన్ను, తీరంలో ఒకప్పటి మడ అడవుల బురద, దానిపై పోసిన మట్టి కనిపిస్తాయి. ఏడాదికి దాదాపు 3,000 మి.మీ. వాన కురుస్తుంది కాబట్టి పల్లాల్లో భూగర్భజలం పైపైనే ఉంటుంది.

2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో పోర్ట్ బ్లెయిర్ ప్రాంతం దాదాపు ఒక మీటరు కుంగింది. సిప్పిఘాట్ పొలాల్లోకి సముద్రపు నీరు చేరింది. 2016 నాటి ఐఎస్ 1893 ప్రమాణం ఈ దీవులను అత్యధిక ముప్పున్న ఐదో జోన్‌లో చేర్చింది. నీటితో నిండిన వదులు ఇసుక తీవ్రమైన కంపనానికి ద్రవంలా మారి, మోసే శక్తిని కోల్పోవచ్చు.

ఒక చిన్న లెక్క

230 మి.మీ. మందం, 3 మీటర్ల ఎత్తు ఉన్న ఇటుక గోడ ప్రతి మీటరు పొడవుకు సుమారు 1.4 టన్నుల బరువు ఉంటుంది. 3 మీటర్ల వెడల్పున్న గదిపై కాంక్రీటు స్లాబు వేస్తే ఆ గోడపై మరో 0.9 టన్ను పడుతుంది. పునాది బరువు కూడా కలిపితే మొత్తం 3 టన్నులు. చదరపు మీటరుకు 10 టన్నులు మోసే గట్టి నేలపై లెక్క ప్రకారం 30 సెం.మీ. వెడల్పు పునాది చాలు. 4 టన్నులే మోసే మెత్తని నేలపై 75 సెం.మీ. కావాలి. లోతు సహజ నేల మట్టం నుంచి కనీసం 50 సెం.మీ. ఉండాలని ఐఎస్ 1904 చెబుతుంది.

పునాది వెడల్పు పెంచితే దాని కింద మన్ను పక్కలకు జారిపోయే ప్రమాదం తగ్గుతుంది. కానీ లోతైన బంకమన్ను పొర కుంగడం పూర్తిగా ఆగదు. దానికి మేలైన మార్గం బరువు తగ్గించడం. తేలిక గోడలు, రేకుల కప్పు వాడితే 3 టన్నుల భారం ఒక టన్ను దగ్గరికి దిగుతుంది. నికోబారీలు గుంజలపై కట్టే ఇళ్లలోనూ ఉన్నది ఈ తేలికదనమే. 2004లో సంప్రదాయ కలప ఇళ్లు భూకంప కుదుపును సాధారణంగా బాగానే తట్టుకున్నాయి. అయితే గాలివానకు తేలిక కప్పు ఎగిరిపోకుండా దాన్ని గోడలకు, గోడలను పునాదికి బిగించాలి.

కలపాలా, విడదీయాలా?

కొత్త గోడను పాత గోడకు ఇనుప చువ్వలతో కట్టేస్తే బలమని చాలామంది అనుకుంటారు. మెత్తని నేలపై అది పగుళ్లకు దారి తీస్తుంది. కొత్త గదికి సొంత గోడలు లేదా స్తంభాలు ఉండాలి, వాటిని చుట్టూ ప్లింత్, లింటెల్ మట్టాల్లో కాంక్రీటు పట్టీలతో బిగించాలి. పాత ఇంటికి, కొత్త గదికి మధ్య ఖాళీ వదలాలి. భూకంప సమయంలో రెండూ ఢీకొనకుండా ఈ ఖాళీ కనీసం 25 మి.మీ. ఉండాలన్నది ఐఎస్ 4326 నియమం. దాన్ని సిమెంటుతో కాకుండా మెత్తగా నొక్కుకుపోయే పదార్థంతో నింపి, వాన నీరు దిగకుండా పైన రేకు మూత వేయాలి.

పైన ఖాళీ సరిపోయినా కింద వెడల్పాటి కొత్త పునాది పాత పునాదికి అడ్డు పడుతుంది. అందుకే స్తంభాలను కాస్త దూరంగా నిలిపి, బీములను పాత గోడ వైపు చాచడం మంచిది. పాత పునాది కంటే లోతుగా ఒకేసారి పొడవాటి కందకం తవ్వితే పాత గోడే జారవచ్చు.

తవ్విన గుంతలో మన్నును బొటనవేలితో నొక్కి చూడటం తొలి పరీక్ష. వేలు కొన్ని సెంటీమీటర్లు సులువుగా దిగితే అది మెత్తని బంకమన్ను. అలాంటి నేల, కుళ్లిన ఆకుల నల్ల బురద, పోసిన మట్టి, నీరూరే వదులు ఇసుక కనిపిస్తే పని ఆపి, మట్టి పరీక్ష చేయించి ఇంజినీరు సలహా తీసుకోవాలి. ఆ తర్వాతే పునాది వెడల్పు, లోతు, గది బరువు నిర్ణయించాలి. కట్టిన తర్వాత గోడ పగులు పూడ్చడం సులువే, గోడ కింద నేలను సరిచేయడం చాలా కష్టం.