నీటి అడుగున ఎరుపు ఎటు పోతుంది?

ఎల్‌ఎఫ్‌సీ మీద అండమాన్ వెళ్ళినప్పుడు, ఒకప్పటి హేవ్‌లాక్ అయిన స్వరాజ్ ద్వీప్‌లో మా ఆవిడ మొదటిసారి డైవింగ్ చేసింది. బావిలోకి తొంగిచూడాలన్నా భయపడే మనిషి, ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి పట్టుకుని 8 మీటర్ల లోతుకు దిగింది. నేను డైవింగ్ కోర్సు ముందే చేసి ఉన్నాను కాబట్టి పక్కనే ఉండి 40 ఫొటోలు తీశాను. రాత్రి గదిలో చూసుకుంటే, మనిషిని నీలిమందులో ముంచి తీసినట్టుంది. వెట్‌సూట్ మీది ఎర్ర గీతలు నల్లగా వచ్చాయి.

తప్పు కెమెరాది కాదు. నీరు అన్నిటికంటే ముందు ఎరుపును మింగేస్తుంది. 5 మీటర్ల లోతుకే చాలావరకు పోతుంది. ఆ తర్వాత నారింజ, పసుపు. పైగా లోతు ఒక్కటే కాదు, మనిషి నుంచి లెన్సు దాకా ఉన్న నీరు కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే దగ్గరికి వెళ్ళి తీయడం పైసా ఖర్చు లేని ఉపాయం. లోపల ఉన్నంతసేపూ మన మెదడు కొంత సర్దుకుంటుంది కాబట్టి ఇంత తేడా ఉందని తెలియదు.

తెలుపు ఏదో కెమెరాకు చెప్పడమే వైట్ బ్యాలెన్స్. తెల్ల ప్లాస్టిక్ పలకను అదే లోతులో చూపించి కస్టమ్ సెట్ చేయాలి. లోతు కొన్ని మీటర్లు మారితే మళ్ళీ చేయాలి. ఒక చేతిలో పలక, ఇంకో చేతిలో కెమెరా, పైకి తేలిపోకుండా నిలవడం మూడో పని! ఎర్ర ఫిల్టర్ తేలికే కానీ అసలే తక్కువ ఉన్న వెలుతురును ఇంకా తగ్గిస్తుంది.

మర్నాడు మా అమ్మాయి దిగింది. అప్పటికి బుద్ధి వచ్చి కెమెరాను రా ఫార్మాట్‌కు మార్చాను. జేపెగ్‌లో కెమెరా తన నిర్ణయాన్ని బొమ్మలో కలిపేసి, మిగతా సమాచారాన్ని చాలావరకు పారేస్తుంది. రా ఫైల్లో సెన్సర్ చదివిన అంకెలు ఉంటాయి, వైట్ బ్యాలెన్స్ పక్కన రాసిన నోట్ మాత్రమే. మన భాషలో ఇది ఒరిజినల్ వోచర్.

ఇంటికొచ్చాక లైట్‌రూమ్‌లో డ్రాపర్‌తో అమ్మాయి పక్కనున్న ఇసుక మీద నొక్కాను. ఒంటి రంగు తిరిగొచ్చింది. వెనకున్న నీటి మీద నొక్కితే మాత్రం సముద్రం బూడిదరంగుకు తిరుగుతుంది. నీరు ఆకుపచ్చగా ఉన్నచోట టింట్‌ను మెజెంటా వైపు జరపాలి. అలాగని రా ఫైలు మంత్రదండం కాదు. సెన్సర్‌కు అందని ఎరుపును ఎంత లాగినా వచ్చేది గరుకు చుక్కలే. ఇంకా లోతుకు వెళ్తే ఫ్లాష్ తప్పదు, అదీ మీటరు దూరంలో ఉంటేనే బాగా పనిచేస్తుంది.

మా ఆవిడ ఫొటోల మీద రెండు ఆదివారాలు కూర్చున్నాను. ఎరుపు పెంచితే ముఖం మీద ఊదారంగు మచ్చలు. చివరికి ఒకదాన్ని నలుపు తెలుపులోకి మార్చాను. మాస్కు అద్దంలోంచి కళ్ళు చక్కగా కనిపిస్తున్నాయి. హాల్లో పెట్టాం. చూసినవాళ్ళకి ఆవిడే చెబుతుంటుంది, ఆ గీతలు ఎర్రవని.