తెలియని చేతి వంట: కొత్త భోజనశాలలో పౌరులు గమనించవలసిన విషయాలు

వెనుకటి కాలంలో ఊరు దాటి వెళ్ళినవారికి పూటకూళ్ళ ఇల్లే ఆధారం. పూటకూళ్ళమ్మ ఎవరో, ఆమె వంట ఎటువంటిదో, ఆమె బావి నీరు మంచిదో కాదో ఊరందరికీ తెలుసు. ఆ పరిచయమే తినేవారికి హామీగా ఉండేది. నేడు తిరుపత్తూరు, వేలూరు, గుడియాత్తం వీధుల్లో కొత్తగా వెలసే భోజనశాలల్లో వండేవారు ఎవరో తినేవారికి తెలియదు. వండేవారు వేరొక రాష్ట్రం నుండి వచ్చి ఉండవచ్చు. యజమాని వేరొక ఊరిలో ఉండవచ్చు. పరిచయం లేనిచోట దాని పని చేయడానికి చట్టం కొన్ని గుర్తులను ఏర్పరచింది. అవి గోడమీద, బిల్లుమీద, వంటగది గుమ్మం దగ్గర కనబడతాయి. వాటిని చదవగలిగితే కొత్త చోట కూడా నిశ్చింతగా భోజనం చేయవచ్చు.

మన ప్రాంతంలో ఈ మార్పుకు కారణాలు స్పష్టంగానే ఉన్నాయి. 2019 నవంబరు 28న పాత వేలూరు జిల్లా మూడు జిల్లాలుగా ఏర్పడి, తిరుపత్తూరు జిల్లా కేంద్రమైంది. కార్యాలయాలతోపాటు ఉద్యోగులు, పనులమీద వచ్చిపోయే ప్రజలు పెరిగారు. వేలూరులో 1900లో చిన్న చికిత్సాలయంగా ఆరంభమైన క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి పశ్చిమ బెంగాలు, ఝార్ఖండు, ఈశాన్య రాష్ట్రాల నుండి రోగులు వస్తారు. వారికోసం చుట్టుపక్కల వీధుల్లో బెంగాలీ భోజనం వడ్డించే హోటళ్ళు వెలిశాయి. 1984లో ఏర్పడిన ఇంజనీరింగు కళాశాల విశ్వవిద్యాలయంగా ఎదగడంతో కాట్పాడి వైపు విద్యార్థుల రద్దీ పెరిగింది. చెన్నై–బెంగళూరు రహదారిమీద ఆంబూరు, వాణియంబాడి పట్టణాల బిరియానీ ఎప్పటినుండో ప్రసిద్ధం. వీటికితోడు షవర్మా, గ్రిల్ చికెన్, నూడిల్స్, ఫ్రైడ్ రైస్ అమ్మే చిన్న దుకాణాలు పేటపేటలోను కనబడుతున్నాయి.

ఈ ప్రాంతపు తెలుగు కుటుంబాల్లో పలువురు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడతారు. తమిళం మాట్లాడగలిగినా చదవడం అలవాటు లేనివారు, చిత్తూరు వైపు నుండి పనిమీద వచ్చేవారు గోడమీది పలకలను చూడకుండానే లోపలికి వెళతారు. అయితే ఆ పలకల్లో ముఖ్యమైన భాగం అంకెలే. అంకెలను చదవడానికి తమిళ లిపి రానవసరం లేదు.

గోడమీది పద్నాలుగు అంకెలు

2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం తినుబండారాలు అమ్మే ప్రతివారూ నమోదు చేసుకోవాలి లేదా లైసెన్సు పొందాలి. చిన్న దుకాణానికి, తోపుడు బండికి నమోదు సరిపోతుంది; వ్యాపారం పెద్దదైతే లైసెన్సు అవసరం. రెండింటిలోనూ 14 అంకెల సంఖ్య ఇస్తారు. ఆ పత్రాన్ని గిరాకీదారులకు కనబడేచోట ఉంచాలి. 2022 జనవరి 1 నుండి ఆ సంఖ్యను బిల్లుమీద కూడా ముద్రించాలన్న నియమం ఉంది.

ఈ సంఖ్యను చదవడం కష్టం కాదు. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే నమోదు. తరువాతి రెండు అంకెలు రాష్ట్రాన్ని తెలుపుతాయి: తమిళనాడుకు 24, ఆంధ్రప్రదేశ్‌కు 01. కేంద్ర లైసెన్సు అయితే అక్కడ 00 ఉంటుంది. ఆ తరువాతి రెండు అంకెలు అనుమతి ఇచ్చిన సంవత్సరం. కాబట్టి తిరుపత్తూరులోని చిన్న భోజనశాల పలకమీద 22423 అని మొదలైతే, అది తమిళనాడులో 2023లో నమోదైన దుకాణమని అర్థం. పూర్తి సంఖ్యను ఆహార భద్రతా ప్రాధికార సంస్థ వెబ్‌సైటులో గాని, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ అనే మొబైల్ యాప్‌లో గాని నమోదు చేస్తే దుకాణం పేరు, చిరునామా తెలుస్తాయి. గోడమీద ఒక పేరు, అక్కడ మరొక పేరు కనబడితే వివరణ అడిగే హక్కు తినేవారికి ఉంది.

అయితే సంఖ్య ఉన్నంత మాత్రాన వంట శుభ్రమని నిర్ధారణ కాదు. ఆ దుకాణం ఎవరిదో, దానికి బాధ్యులెవరో ప్రభుత్వానికి తెలుసునని మాత్రమే దాని అర్థం. మిగిలినది కంటితో చూసి తెలుసుకోవలసినదే.

బిరియానీ గుండిగ, గడియారం

ఆంబూరు బిరియానీకి సన్నని, పొట్టి గింజలుండే సీరగ సంబా బియ్యం వాడతారు. నానబెట్టి నూరిన ఎండుమిరపకాయల ముద్దతో మాంసాన్ని ఉడికించి, విడిగా సగం ఉడికిన అన్నాన్ని అందులో చేర్చి, మూతపై నిప్పులు పెట్టి దమ్ము చేస్తారు. పక్కన పుల్లని వంకాయ కూర, పెరుగు పచ్చడి వడ్డిస్తారు. గుండిగ మూత తీసిన వేళ ఆ అన్నం ఎంతో సురక్షితం. ప్రమాదం తరువాతి గంటల్లో ఉంటుంది.

బియ్యంలో సహజంగానే ఉండే ఒక రకపు సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి నిలిచినప్పుడు అవి మేల్కొని పెరుగుతాయి, విషాన్ని విడుదల చేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అందుకే వేడి పదార్థాన్ని 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన, చల్లని పదార్థాన్ని 5 డిగ్రీలకు లోపల ఉంచాలని నియమం. మధ్యాహ్నం దించిన గుండిగను నిప్పు లేకుండా రాత్రి వరకు ఉంచి, అడిగినప్పుడల్లా పెనంమీద వేడి చేసి ఇవ్వడం ఈ నియమానికి విరుద్ధం. పళ్ళెంలో అన్నం పొగలు కక్కుతోందా, పైన మాత్రమే వేడిగా ఉండి లోపల చల్లగా ఉందా అన్నది వేలితో తాకితే తెలుస్తుంది. ఇంటికి తెచ్చుకున్న పొట్లానికీ ఇదే నియమం: రెండు గంటలలోపు తినాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి.

షవర్మా, మయోనైజ్

2023 సెప్టెంబరులో నామక్కల్లులో ఒక భోజనశాల షవర్మా తిన్న 14 ఏళ్ళ బాలిక మరణించింది. అక్కడే తిన్న మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. అంతకుముందు 2022 మేలో కేరళలోని కాసరగోడు జిల్లాలోనూ షవర్మా తిన్న ఒక విద్యార్థిని మృతి చెందింది. ఆ తరువాత రాష్ట్రమంతటా తనిఖీలు జరిగాయి.

షవర్మాలో చిక్కు ఎక్కడుందో తెలుసుకోవడం మేలు. కడ్డీకి గుచ్చిన మాంసపు దొంతర పైపొర మాత్రమే మంట వేడికి కాలుతుంది; లోపలి పొరలు పచ్చిగా ఉంటాయి. గిరాకీ ఎక్కువై తొందరపడి కోస్తే పచ్చి మాంసం రొట్టెలోకి చేరుతుంది. గిరాకీ తగ్గి మంట ఆర్పితే దొంతర అంతా గోరువెచ్చగా నిలిచిపోతుంది. కోసిన ముక్కలను పెనంమీద మరల కాల్చి ఇచ్చే దుకాణం మేలైనది. లోపల గులాబీ రంగు కనబడిన మాంసాన్ని తిరిగి ఇవ్వడంలో మొహమాటపడనవసరం లేదు.

దానికి తోడుగా ఇచ్చే మయోనైజ్ మరొక విషయం. పచ్చి కోడిగుడ్లతో చేసిన మయోనైజ్‌ను తమిళనాడు ప్రభుత్వం 2025 ఏప్రిల్ 8 నుండి ఒక సంవత్సరం పాటు నిషేధించింది. తెలంగాణ 2024 అక్టోబరులోనే అటువంటి ఉత్తర్వు ఇచ్చింది. నిషేధానికి గడువు ఉన్నా పచ్చి గుడ్డులోని సాల్మొనెల్లా వల్ల కలిగే ప్రమాదానికి గడువు లేదు. “ఇది గుడ్డుతో చేసినదా, గుడ్డు లేనిదా?” అని అడగడం ప్రతి ఒక్కరి హక్కు. పిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు పెట్టేముందు తప్పక అడగాలి.

రంగు, నూనె, కాగితం

కంటికింపైన ఎర్రదనం మిరపకాయ వల్ల వచ్చినదో, రంగుపొడి వల్ల వచ్చినదో వేళ్ళకు అంటిన మరకే కొంత చెబుతుంది. కడుక్కున్నా పోని ఎరుపు అనుమానించదగినది. దుస్తుల అద్దకానికి వాడే రోడమిన్-బి అనే రంగు కనబడినందున తమిళనాడులో 2024 ఫిబ్రవరిలో రంగు పీచుమిఠాయిని నిషేధించిన సంగతి పలువురికి గుర్తుండే ఉంటుంది.

వేపుడు నూనెను మళ్ళీ మళ్ళీ కాచినప్పుడు అది నల్లబడి, చిక్కబడి, నురగ కడుతుంది. అందులో ఏర్పడే హానికర పదార్థాలు 25 శాతం మించితే ఆ నూనెను వాడరాదని 2018 జులై నుండి నియమం ఉంది. బజ్జీ, బోండాలను వార్తాపత్రికలో పొట్లం కట్టడం కూడా తగదు. అచ్చు సిరా నూనెలో కరిగి తిండిలోకి చేరుతుంది. అరటాకు గాని, అచ్చులేని కాగితం గాని అడిగి తీసుకోవాలి.

బిల్లు చదవడం

2017 నవంబరు 15 నుండి భోజనశాలల్లో జి.ఎస్.టి. 5 శాతం; ఏ.సి. ఉన్నా లేకున్నా ఒకటే. గది అద్దె 7,500 రూపాయలు మించే పెద్ద హోటళ్ళలోని భోజనశాలలకు మాత్రం ఎక్కువ. బిల్లుమీద ఈ పన్ను రెండున్నర, రెండున్నర శాతంగా రెండు వరుసల్లో ఉంటుంది. పన్ను వసూలు చేసే దుకాణం తన 15 అక్షరాల జి.ఎస్.టి. సంఖ్యను బిల్లుమీద చూపాలి. తమిళనాడులో అది 33తో మొదలవుతుంది. సంఖ్య లేని బిల్లుమీద పన్ను కోరితే ప్రశ్నించవచ్చు. కాంపొజిషన్ పథకం కింద ఉన్న చిన్న దుకాణాలు గిరాకీదారు నుండి విడిగా పన్ను తీసుకోరాదు.

సేవా రుసుము వేరు, పన్ను వేరు. సేవా రుసుమును బిల్లులో తనంతతానుగా కలపరాదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు జారీ చేసింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. సేవ నచ్చి ఇష్టపూర్వకంగా ఇచ్చేది వేరు. తప్పనిసరి అంటే కాదనవచ్చు.

పొట్లం, విస్తరి, చెత్త

2019 జనవరి 1 నుండి తమిళనాడులో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సంచులు, బల్లమీద, పళ్ళెంలో పరచే ప్లాస్టిక్ పలుచటి షీట్లు, ప్లాస్టిక్ పూత ఉన్న పళ్ళేలు, గ్లాసులు, గొట్టాలు నిషిద్ధం. మరుగుతున్న సాంబారును పలుచని సంచిలో పోసి ముడివేయడం చట్టానికీ ఆరోగ్యానికీ విరుద్ధం. 2021 డిసెంబరు 23న రాష్ట్ర ప్రభుత్వం ఆరంభించిన “మీండుం మంజప్పై”, అనగా మళ్ళీ పసుపు సంచి, ఉద్యమం ఉద్దేశం కూడా ఇదే. ఇంటి నుండి గుడ్డ సంచి, టిఫిను క్యారియరు తీసుకువెళ్ళడం మన పెద్దల అలవాటే.

భోజనశాలలు తడి చెత్తను, పొడి చెత్తను వేరు చేసి పారిశుద్ధ్య కార్మికులకు ఇవ్వాలి. ఎంగిలి విస్తళ్ళు, నూనె మురుగుకాలువలో పడితే మొదట మునిగేది ఆ వీధి ఇళ్ళే. దుకాణం వెనుక సందు ఎలా ఉందో చూస్తే వంటగది తీరు కొంత తెలుస్తుంది.

అనారోగ్యం కలిగితే, ఫిర్యాదు చేయాలంటే

భోజనం తరువాత వాంతులు, విరేచనాలు మొదలైతే ఓ.ఆర్.ఎస్. ద్రావణం కొద్దికొద్దిగా తాగించాలి. మలంలో రక్తం, తీవ్ర జ్వరం, మూత్రం తగ్గడం, మగత కనబడినా, రోగి పసిబిడ్డ, గర్భిణి లేదా వృద్ధులైనా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అత్యవసర వాహనానికి 108. ఏమి తిన్నారు, ఎన్ని గంటలకు, కలిసి తిన్న మిగతావారి స్థితి ఏమిటి అన్నవి వైద్యునికి చెప్పాలి. బిల్లును, మిగిలిన పదార్థాన్ని మూతపెట్టి ఫ్రిజ్‌లో భద్రపరచడం మంచిది.

ఆహార నాణ్యతపై ఫిర్యాదులు జిల్లా ఆహార భద్రత విభాగపు నియమిత అధికారికి వెళ్ళాలి. తమిళనాడు ఆహార భద్రత శాఖ వాట్సాప్ సంఖ్య 94440 42322. బిల్లు, సేవా రుసుము తగాదాలకు జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915. చెత్త, మురుగు, కాలువ అడ్డంకుల విషయం పురపాలక కార్యాలయానికి తెలపాలి. అనుమానమున్న పదార్థాన్ని కొన్నవారు రుసుము చెల్లించి విశ్లేషకుని చేత పరీక్ష చేయించుకునే వీలును చట్టంలోని 40వ విభాగం కల్పించింది. పదార్థం చట్టవిరుద్ధమని తేలితే రుసుము తిరిగి వస్తుంది.

“ఫిర్యాదు చేసి ఎవరి పొట్టో కొట్టడమెందుకు?” అని పలువురు ఊరకుంటారు. ఈ సంకోచంలో దయ ఉన్నా, చట్టం తీరు అది కాదు. నియమాలు పాటించని దుకాణానికి అధికారి మొదట మెరుగుదల నోటీసు ఇస్తాడు. లోపం సరిదిద్దుకోవడానికి 14 రోజులకు తక్కువ కాని గడువు ఉంటుంది. ప్రజల ప్రాణాలకు వెంటనే ముప్పు ఉన్నప్పుడే తక్షణం మూసివేయిస్తారు. నిజానికి చిన్న యజమానికి ఎక్కువ హాని చేసేది ఫిర్యాదు కాదు, వదంతి. ఆధారం లేని మాట వాట్సాప్‌లో తిరిగితే మంచి దుకాణమూ మూతపడవచ్చు. ఆధారంతో చేసిన ఫిర్యాదు చెడ్డదానిని మాత్రమే సరిచేస్తుంది. అప్పుచేసి నాలుగు బల్లలు వేసి, వేకువనే లేచి, మంచి నూనెతో వండే యజమానికి నియమాలు తెలిసిన గిరాకీదారే నిజమైన అండ.