జిగట విరేచనాలు

జిగట విరేచనాలు అనగా పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడుట వలన మలంలో రక్తము, జిగురు కనిపించే వ్యాధి. వాడుకలో దీనిని బంక విరేచనాలు, రక్త విరేచనాలు అని కూడా అంటారు. ఇది ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి షిగెల్లా బాక్టీరియా వలన, రెండవది ఎంటమీబా హిస్టోలిటికా అనే పరాన్నజీవి వలన కలుగుతాయి. పైకి ఒకే విధంగా కనిపించినా ఒకదాని మందు రెండవదానికి పనిచేయదు. కనుక ఈ రెండింటినీ వేరుగా గుర్తించడం అవసరం.

చరిత్ర

1875లో రష్యాలో ఫ్యోదర్ లోష్ ఒక రోగి మలంలో అమీబాలను కనుగొన్నాడు. 1897లో జపాను శాస్త్రవేత్త కియోషి షిగా బాక్టీరియాను గుర్తించాడు. షిగెల్లా అనే పేరు ఆయన పేరు మీదుగానే వచ్చింది.

తేడాలు

* ఆరంభం: షిగెల్లా వ్యాధి సాధారణంగా 1 నుండి 3 రోజులలో హఠాత్తుగా మొదలవుతుంది. అమీబా వ్యాధి తరచుగా 2 నుండి 4 వారాల తరువాత నెమ్మదిగా మొదలవుతుంది.
* జ్వరం: మొదటిదానిలో తరచుగా ఎక్కువ. రెండవదానిలో తక్కువ, లేదా ఉండదు.
* మలం: మొదటిదానిలో కొద్దికొద్దిగా, చాలాసార్లు, ఎర్రని రక్తం, జిగురు, చీముతో వస్తుంది. రెండవదానిలో మలం పాలు ఎక్కువ, దుర్వాసన ఉంటుంది.
* వ్యాప్తి: షిగెల్లా 10 నుండి 100 క్రిములతోనే సోకగలదు. అందువలన ఒక ఇంటిలో, వసతి గృహంలో త్వరగా వ్యాపిస్తుంది.
* ఉపద్రవాలు: అమీబా రక్తం ద్వారా కాలేయానికి చేరి చీముగడ్డ కలిగించవచ్చు. షిగెల్లా వలన పిల్లలలో మూర్ఛలు రావచ్చు.

నిర్ధారణ

లక్షణాలను బట్టి మాత్రమే నిశ్చయించడం కష్టం. అప్పుడే విసర్జించిన మలాన్ని సూక్ష్మదర్శినిలో చూచినప్పుడు ఎర్ర రక్తకణాలను మింగిన అమీబాలు కనిపిస్తే అది అమీబా వ్యాధి. కేవలం కోశాలు కనిపించడం చాలదు; హాని చేయని ఎంటమీబా డిస్పార్ కోశాలు కూడా అదే రూపంలో ఉంటాయి. షిగెల్లాను మలాన్ని వర్ధనం చేసి గుర్తిస్తారు.

చికిత్స

రెండింటిలోనూ నీరు, లవణాలు తగ్గకుండా ఓఆర్ఎస్ ద్రావణం ఇవ్వాలి. అమీబాకు మెట్రోనిడజోల్ వాడి, తరువాత పేగులో మిగిలిన కోశాలను తొలగించే మందు ఇస్తారు. మెట్రోనిడజోల్ షిగెల్లాపై పనిచేయదు. దానికి వైద్యుడు సూచించిన యాంటీబయాటిక్ కావాలి. పిల్లలలో రక్త విరేచనాలకు ఎక్కువగా షిగెల్లాయే కారణం కనుక మొదట దానికే చికిత్స చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. విరేచనాలను ఆపే మాత్రలు సొంతంగా వాడరాదు.

నివారణ

రెండు రకాలూ మలంతో కలుషితమైన నీరు, ఆహారం, చేతుల ద్వారా సోకుతాయి. 2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లో కలుషిత తాగునీటి వలన కలరా ప్రబలి పలువురు మరణించారు. కలరా వేరే వ్యాధి అయినా, సోకే మార్గం ఇదే. నీటిలో సాధారణంగా కలిపే క్లోరిన్‌కు అమీబా కోశాలు చావవు. నీటిని మరగకాచి తాగడం మేలు. భోజనానికి ముందు, మలవిసర్జన తరువాత సబ్బుతో చేతులు కడుగుకోవాలి.